మెదడు రక్తనాళాల గోడల్లో ప్రొటీన్ పేరుకుంటే ఏమవుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

మెదడు స్కాన్ రిపోర్టులో "సెరిబ్రల్ అమైలాయిడ్ యాంజియోపతి అయ్యే అవకాశం ఉంది" అన్న ఒక్క లైను చూసి ఇంటిల్లిపాదీ టెన్షన్ పడిపోతారు. డాక్టరు దగ్గర దొరికే కొద్ది నిమిషాల్లో అన్నీ అడగడం కుదరదు, అడిగినా చెప్పింది సగమే బుర్రకెక్కుతుంది. ఆ మిగతా సగం కోసమే ఈ పేజీ. ఒక్క మాట ముందే చెబుతున్నాను: ఇది చదివి ఏ మందూ సొంతంగా ఆపకండి, మొదలుపెట్టకండి.

అసలు ఈ జబ్బు ఏంటి?

మెదడు పైభాగంలో ఉండే బూడిదరంగు పొరలోనూ, దాని మీద కప్పి ఉండే పల్చటి పొరల్లోనూ సన్నటి ధమనులు వేల సంఖ్యలో అల్లుకుని ఉంటాయి. వాటి గోడల్లో అమైలాయిడ్ బీటా అనే ప్రొటీన్ ఏళ్ల తరబడి చేరుతూ పోతే గోడ పెళుసుబారుతుంది. కొన్నిచోట్ల రక్తం కొద్దికొద్దిగా కారుతుంది, కొన్నిచోట్ల ఏకంగా పగులుతుంది. డాక్టర్లు దీన్ని పొట్టిగా సీఏఏ అంటారు, ఇక్కడ నేనూ అలాగే రాస్తాను.

ఇది వయసుతో వచ్చేది. యాభై దాటకముందు చాలా అరుదు, డెబ్బై దాటాక మామూలే. పెద్ద వయసులో చనిపోయినవాళ్ల మెదళ్లను పరీక్షించిన అధ్యయనాలను కలిపి చూస్తే, మామూలు జనంలో దాదాపు నాలుగో వంతు మందికి ఓ మోస్తరు నుంచి తీవ్రమైన సీఏఏ కనిపించింది. వాళ్లలో చాలామందికి జీవితకాలంలో ఒక్కసారి కూడా పెద్ద రక్తస్రావం అవలేదు. రిపోర్టులో ఈ పేరు కనిపించగానే రేపే ఏదో జరిగిపోతుందని భయపడనక్కర్లేదు అనడానికి ఇదే కారణం.

కొలెస్ట్రాల్ పేరుకోవడం లాంటిదేనా?

కాదు. కొలెస్ట్రాల్ పూడిక రక్తం పారే దారి వైపు పెరిగి దారిని ఇరుకు చేస్తుంది. ఇక్కడ ప్రొటీన్ చేరేది గోడ మందంలో, అదీ ముందు బయటివైపు పొరల్లో. అందుకే మెడలోని పెద్ద నాళాలు, మెదడులోని పెద్ద నాళాలు శుభ్రంగా ఉన్నాయని యాంజియోగ్రామ్‌లో తేలినా సీఏఏ లేదని చెప్పలేం. అలాగే గుండెకో కిడ్నీకో వచ్చే అమైలాయిడోసిస్ వేరు, ఇది వేరు. ఇది మెదడుకే పరిమితం.

ఆహారంలో ప్రొటీన్ తగ్గిస్తే తగ్గుతుందా?

తగ్గదు. తిన్న ప్రొటీన్‌కీ దీనికీ సంబంధం లేదు. పెద్దవాళ్లకు ఈ భయంతో తిండి తగ్గించేస్తే కండ బలం తగ్గి, తూలిపడి తలకు దెబ్బ తగిలే ప్రమాదం పెరుగుతుంది. దయచేసి ఆ పని చేయకండి.

మరి ఆ ప్రొటీన్ ఎక్కడి నుంచి వస్తుంది?

మన మెదడే తయారు చేస్తుంది. నాడీకణాల పొరలో ఏపీపీ అనే పెద్ద ప్రొటీన్ ఉంటుంది. బీటా సెక్రెటేజ్, గామా సెక్రెటేజ్ అనే రెండు ఎంజైములు దాన్ని ఒకదాని తర్వాత ఒకటి కోస్తే బయటపడే చిన్న ముక్కే అమైలాయిడ్ బీటా. ఇది అందరిలోనూ, పుట్టినప్పటి నుంచీ తయారవుతూనే ఉంటుంది. ముక్కలో 42 అమైనో ఆమ్లాలు ఉంటే అది బాగా అతుక్కునే రకం, నాడీకణాల మధ్యే గడ్డకట్టి అల్జీమర్స్‌లో కనిపించే ప్లాకులుగా మారుతుంది. 40 ఉంటే కాస్త తేలిగ్గా కరిగే రకం, అది ఇంకొంచెం దూరం ప్రయాణించి రక్తనాళాల గోడల దాకా వస్తుంది. సీఏఏలో నాళాల్లో ఎక్కువగా దొరికేది ఈ 40 రకమే. అసలు అమైలాయిడ్ బీటాను మొదటిసారి విడదీసి అందులోని అమైనో ఆమ్లాల వరుస చదివింది కూడా మెదడు పొరల్లోని రక్తనాళాల నుంచే. 1984లో జార్జ్ గ్లెనర్, కెయిన్ వాంగ్ అనే శాస్త్రవేత్తలు ఆ పని చేశారు.

తయారవడం సహజమైతే పేరుకోవడం ఎందుకు?

అసలు సమస్య ఇక్కడే ఉంది. చాలామందిలో ఇబ్బంది ఎక్కువ తయారవడం వల్ల రాదు, తయారైంది బయటికి పోకపోవడం వల్ల వస్తుంది.

ఆ ముక్కలను వదిలించుకోవడానికి మెదడుకు చాలా దారులున్నాయి. నెప్రిలైసిన్ లాంటి ఎంజైములు కొన్నిటిని అక్కడికక్కడే ముక్కలు చేస్తాయి. ఎల్‌ఆర్‌పీ1 అనే రిసెప్టర్ కొన్నిటిని పట్టుకుని నాళం గోడ దాటించి రక్తంలోకి పంపుతుంది. మిగిలినవి ధమని గోడలోని నునుపు కండర కణాల చుట్టూ ఉండే సన్నటి పొరల వెంట, రక్తం పారే దిశకు ఎదురుగా, మెల్లగా బయటికి జారిపోతాయి. ఈ చివరి దారిలో ద్రవాన్ని నెట్టేది ఎవరంటే ఆ కండర కణాలే. అవి నెమ్మదిగా ముడుచుకుంటూ సడలుతూ ఉంటేనే కదలిక ఉంటుంది.

వయసు మీదపడి నాళాలు బిగుసుకుపోతే ఆ కదలిక మందగిస్తుంది. కదలిక మందగిస్తే దారిలో ఉన్న ప్రొటీన్ అక్కడే ఆగి, ఒకదానికొకటి అతుక్కుని పోగులుగా మారుతుంది, ఆ పోగులు పక్కనే ఉన్న కండర కణాలకు విషంలా పనిచేసి వాటిని చంపేస్తాయి, కణాలు చనిపోతే నెట్టేవాళ్లు ఇంకా తగ్గి మరింత ప్రొటీన్ ఆగిపోతుంది. ఈ విషవలయం ఒకసారి మొదలైతే తనంతట తానే నడుస్తుంది. నాకైతే ఈ జబ్బులో అర్థం చేసుకోవాల్సిన అతి ముఖ్యమైన సంగతి ఇదే అనిపిస్తుంది, ఎందుకంటే చికిత్స కష్టం ఎందుకో, మొదలుపెట్టాల్సింది ఎంత ముందో దీన్ని బట్టే తెలుస్తుంది.

సరే, నాళం పాడయ్యేది సరిగ్గా ఎలా?

దీన్ని మైక్రోస్కోపులో చూసినట్టు చెప్పుకుందాం. మెదడు ముక్కను పల్చగా కోసి కాంగో రెడ్ అనే రంగు వేస్తారు. ఆరోగ్యంగా ఉన్న చిన్న ధమనిని అడ్డంగా కోస్తే లోపల పల్చటి అస్తరు, దాని చుట్టూ వలయాలుగా కండర కణాలు, బయట ఇంకో పొర కనిపిస్తాయి. సీఏఏ మొదలైన ధమనిలో ఆ కండర కణాల మధ్య సందుల్లో అక్కడక్కడా ఇటుకరంగు మరకలు కనిపిస్తాయి. అదే గాజుపలకను పోలరైజ్డ్ కాంతిలో పెడితే ఆ మరకలు ఆకుపచ్చగా మెరుస్తాయి. అమైలాయిడ్‌ను గుర్తుపట్టే పాత పద్ధతి అది, ఇప్పటికీ నమ్మదగ్గదే.

జబ్బు ముదిరేకొద్దీ మరకలు కలిసిపోయి పూర్తి ఉంగరంలా తయారవుతాయి. అప్పటికి మధ్యపొరలో కండర కణాలు దాదాపు ఉండవు, వాటి జాగాలో అంతా అమైలాయిడే. చూడ్డానికి గోడ మందంగా ఉంటుంది గానీ బలం ఉండదు. ఎండకు ఎండి బిరుసెక్కిన పాత రబ్బరు గొట్టం ఎలాగైతే సాగకుండా పగుళ్లిస్తుందో ఇదీ అంతే. ఆ తర్వాత గోడ పొరలు ఒకదాని నుంచి ఒకటి విడిపోయి, నాళంలో ఇంకో నాళం ఉన్నట్టు రెండు వలయాలు కనిపిస్తాయి. కొన్నిచోట్ల గోడ బుడగలా ఉబ్బుతుంది. రక్తంలోని ఫైబ్రిన్ లాంటి ప్రొటీన్లు గోడలోకి ఊరి అక్కడి కణజాలాన్ని చంపేస్తాయి. 1991లో వోన్సాటెల్ బృందం ఈ మార్పుల వరుసనే తీసుకుని స్వల్పం, ఓ మోస్తరు, తీవ్రం అని దశలుగా విడదీసింది, పాథాలజిస్టులు ఇప్పటికీ ఆ కొలతనే వాడుతున్నారు.

ఇక్కడ ఒక ఆశ్చర్యకరమైన సంగతి. పగిలిన చిన్న నాళాన్ని వెతికి పట్టుకుని చూస్తే, సరిగ్గా పగిలిన చోట అమైలాయిడ్ పెద్దగా ఉండకపోవచ్చు. కండర కణాలు ఉండవు, ఫైబ్రిన్ మాత్రం ఉంటుంది. అంటే గోడ కూలడంలో అమైలాయిడ్ తర్వాత ఇంకేదో అంకం నడుస్తోందన్నమాట. ఆ అంకం ఏమిటన్న దాని మీద ఇప్పుడు గట్టి పరిశోధన జరుగుతోంది.

రక్తం కారనంత వరకు ఏ నష్టమూ లేనట్టేనా?

ఈ అపోహ చాలామందికి ఉంది. రక్తస్రావం అనేది కథలో చివరి భాగం. ఇప్పుడు పరిశోధకులు దీన్ని నాలుగు దశలుగా చూస్తున్నారు: ముందు ప్రొటీన్ చేరడం, తర్వాత నాళం స్పందన తగ్గడం, తర్వాత రక్తం కారకుండానే మెదడు దెబ్బతినడం, ఆఖరున రక్తస్రావం. మొదటి దశ నుంచి చివరి దాకా రెండు మూడు దశాబ్దాలు పట్టొచ్చని అంచనా.

రెండో దశ గురించి కొంచెం చెప్పాలి. మెదడులో ఏ భాగం పనిచేస్తే ఆ భాగానికి రక్తం ఎక్కువ వెళ్లాలి, అందుకు నాళాలు వెంటనే వెడల్పు కావాలి. కళ్ల ముందు మెరిసే గళ్ల బొమ్మ చూపిస్తూ ఎఫ్‌ఎంఆర్‌ఐ (పనిచేసే మెదడు భాగాలకు రక్తం ఎలా పెరుగుతుందో చూపించే స్కాన్) తీస్తే, ఆరోగ్యవంతుల్లో తల వెనుక భాగంలోని చూపు కేంద్రానికి రక్తం చకచకా పెరుగుతుంది. సీఏఏ ఉన్నవాళ్లలో ఆ పెరుగుదల తక్కువగా, ఆలస్యంగా ఉంటుంది. జన్యువు ద్వారా ఈ జబ్బు వచ్చే కుటుంబాల్లో, ఇంకా ఏ లక్షణమూ లేనివాళ్లలో కూడా ఈ తేడా దొరికింది. ఇలా అవసరానికి రక్తం అందక ఆవగింజంత భాగాలు అక్కడక్కడా చచ్చిపోతాయి, లోపలి తెల్ల పదార్థం దెబ్బతింటుంది. ఆలోచన నెమ్మదించడం, ఒక పని నుంచి ఇంకో పనికి మారలేకపోవడం లాంటివి అందుకే, పెద్ద స్ట్రోక్ ఏదీ రాకుండానే మొదలవుతాయి.

బీపీ వల్ల వచ్చే మెదడు రక్తస్రావానికీ దీనికీ తేడా ఏంటి?

చోటు. హై బీపీ ఎక్కువగా దెబ్బతీసేది లోతుగా ఉండే నాళాలను, అంటే థాలమస్, బేసల్ గ్యాంగ్లియా, మెదడు కాండం దగ్గర. సీఏఏ వాటి జోలికి దాదాపు పోదు. ఇది మెదడు పైభాగంలో లోబ్‌లు అనే పెద్ద భాగాల్లో వస్తుంది, అందులోనూ తల వెనుక ఉండే ఆక్సిపిటల్ లోబ్‌లో ఎక్కువ.

ఇంకో తేడా కూడా ఉంది, మళ్లీ వచ్చే అవకాశం. సీఏఏ వల్ల ఒకసారి రక్తస్రావం అయినవాళ్లలో ఏడాదికి సుమారు 100కి 7 మందికి మళ్లీ వస్తుంది. సీఏఏ లేనివాళ్లలో అది సుమారు 1. కాబట్టి ఏ రకమో తేల్చుకోవడం పేరు కోసం కాదు, ముందుముందు తీసుకునే ప్రతి నిర్ణయానికీ అది కావాలి.

లక్షణాలు ఎలా ఉంటాయి?

పెద్ద రక్తస్రావం అయితే ఎవరికైనా తెలుస్తుంది: ఉన్నట్టుండి తలనొప్పి, వాంతి, ఒక పక్క బలహీనత, మాట తడబడటం, చూపులో ఒక సగం పోవడం, ఫిట్స్, స్పృహ తప్పడం. ఒక్క నిమిషం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

తెలియకుండా జారిపోయేవి వేరే ఉన్నాయి. కూర్చుని ఏదో చదువుకుంటున్న మనిషికి ఎడమచేతి చిటికెనవేలు కొసన చీమలు పాకినట్టు మొదలవుతుంది, అది పక్క వేళ్లకు, అరచేతికి, మోచేతికి మెల్లగా ఎక్కి, కొన్ని నిమిషాల్లో పెదవి మూలకు చేరి, వచ్చినట్టే పోతుంది. కొన్నాళ్లకు మళ్లీ అచ్చం అలాగే. మెదడు ముడతల్లోకి పల్చగా చేరిన రక్తం పక్కనే ఉన్న పైపొరను రేపడం వల్ల ఇలా వస్తుందని భావిస్తున్నారు. దీన్ని మినీ స్ట్రోక్ అనుకుని, స్కాన్ సరిగ్గా చూడకుండా రక్తాన్ని పల్చబరిచే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కలిపి మొదలుపెడితే కారే నాళానికి ఇంకా చేటు. మినీ స్ట్రోక్‌లో లక్షణం సాధారణంగా ఒక్కసారిగా వస్తుంది, ఇందులో పాకుతూ వస్తుంది. కానీ ఇంట్లో కూర్చుని ఆ తేడా మీరు తేల్చేయకండి. రెండింటికీ వెంటనే వెళ్లాల్సిందే, వెళ్లాక ఆ పాకిన తీరు డాక్టరుకు పూసగుచ్చినట్టు చెప్పండి, నిర్ధారణకు అది చాలా పనికొస్తుంది.

ఎలా కనిపెడతారు?

ఎంఆర్‌ఐతో. అయితే మామూలు ఎంఆర్‌ఐ చాలదు, ఎస్‌డబ్ల్యూఐ లేదా గ్రేడియంట్ ఎకో అనే రకం చిత్రాలు తీయాలి. పాత రక్తం కరిగాక మిగిలిన ఇనుము వాటిలో నల్ల చుక్కల్లా కనిపిస్తుంది, వీటినే మైక్రోబ్లీడ్స్ అంటారు. ముడతల వెంట నల్లటి గీత గీసినట్టు ఉంటే అది సూపర్‌ఫిషియల్ సిడెరోసిస్, రాబోయే రక్తస్రావానికి చుక్కల కంటే ఈ గీత పెద్ద హెచ్చరిక. బతికున్న మనిషిలో సీఏఏను నిర్ధారించడానికి బోస్టన్ ప్రమాణాలు వాడతారు. 2022లో వచ్చిన 2.0 రూపంలో రక్తస్రావం గుర్తులతో పాటు తెల్ల పదార్థంలోని మార్పులనూ లెక్కలోకి తీసుకున్నారు. అవి 50 ఏళ్లు, ఆపై వాళ్లకు.

నూటికి నూరుపాళ్లు తేల్చాలంటే కణజాలం చూడాల్సిందే, ఆ అవసరం చాలామందికి రాదు. రిపోర్టులో ఒకే ఒక్క నల్ల చుక్క ఉంటే? ఒక్కదాన్ని పట్టుకుని ఖరారుగా ఏమీ చెప్పలేరు.

ఇది అల్జీమర్సేనా?

రెండూ దగ్గరి చుట్టాలు, ఒకటి కావు. అల్జీమర్స్ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి ఓ మోస్తరు లేదా తీవ్రమైన సీఏఏ కూడా ఉంటుంది. అల్జీమర్స్ లేకుండా సీఏఏ ఒక్కటే ఉన్నవాళ్లూ ఉన్నారు. వెన్ను నుంచి తీసిన నీటిలో తేడా తెలుస్తుంది: అల్జీమర్స్‌లో 42 రకం తగ్గుతుంది, సీఏఏలో 42తో పాటు 40 కూడా తగ్గుతుంది.

అల్జీమర్స్‌కు కొత్తగా వచ్చిన మందులు దీనికి పనికొస్తాయా?

ఇక్కడ చాలా జాగ్రత్త. లెకానెమాబ్, డొనానెమాబ్ అనే యాంటీబాడీ మందులు మెదడులోని అమైలాయిడ్‌ను తొలగిస్తాయి. అమెరికాలో మొదటిదానికి 2023లో, రెండోదానికి 2024లో పూర్తి అనుమతి వచ్చింది. కానీ నాళాల గోడల్లో కూడా అమైలాయిడ్ ఉంటే, దాన్ని కదిలించేటప్పుడు గోడ వదులై మెదడులో నీరు చేరడం, చిన్న రక్తస్రావాలు జరగడం ఉంటుంది. లెకానెమాబ్ పెద్ద పరీక్షలో అలాంటి వాపు 12.6 శాతం మందిలో కనిపించింది. ఎపోఈ4 (అమైలాయిడ్ ఎక్కువ చేరేలా చేసే జన్యువు రకం) రెండు ప్రతులు ఉన్నవాళ్లలో అయితే సుమారు మూడో వంతు మందిలో. అందుకే మొదలుపెట్టే ముందు ఎంఆర్‌ఐలో మైక్రోబ్లీడ్స్ ఎన్ని ఉన్నాయో లెక్కపెడతారు, ఎక్కువుంటే ఇవ్వరు. సీఏఏకే నేరుగా ప్రయత్నించిన పొనెజుమాబ్ అనే యాంటీబాడీ పరీక్షలో ఫలితం ఇవ్వలేదు.

మందులేమీ లేకుండానే, ఒంట్లోని రోగనిరోధక శక్తే నాళాల్లోని అమైలాయిడ్ మీద దాడి చేసి ఇలాంటి వాపు తెప్పించే రకం కూడా ఒకటుంది. వారాల్లో గందరగోళం, తలనొప్పి, ఫిట్స్ వస్తాయి. ఇది అరుదు, కానీ స్టెరాయిడ్లకు చాలామందిలో లొంగుతుంది, కాబట్టి "వయసైపోయింది, ఇంతే" అని వదిలేయకూడదు.

జబ్బు ఉన్నవాళ్ల పిల్లలకూ వస్తుందా?

చాలావరకు రాదు. ఎపోఈ జన్యువు ప్రభావం ఉంటుంది, ఈ4 ఉంటే ప్రొటీన్ ఎక్కువ చేరుతుంది, ఈ2 ఉంటే ప్రొటీన్ చేరిన నాళం పగిలే అవకాశం ఎక్కువ. అయినా ఆ జన్యువు ఉన్నంత మాత్రాన జబ్బు వచ్చి తీరుతుందని కాదు. నిజంగా వంశపారంపర్యంగా వచ్చే రకాలు కొద్ది కుటుంబాల్లోనే ఉన్నాయి. నెదర్లాండ్స్‌లోని కాట్వైక్ ప్రాంతపు కుటుంబాల్లో ఏపీపీ జన్యువులోని ఒకే ఒక్క అక్షరం మార్పు వల్ల నలభైలు, యాభైల్లోనే రక్తస్రావాలు వస్తాయి. ఐస్‌లాండ్ రకంలో చేరే ప్రొటీన్ అమైలాయిడ్ బీటా కూడా కాదు, సిస్టాటిన్ సీ. అందులో ముప్పై ఏళ్లకే ప్రాణాలు పోయినవాళ్లున్నారు.

అంటుకుంటుందా?

పక్కన కూర్చుంటే, కలిసి తింటే, సేవ చేస్తే అంటుకోదు. దశాబ్దాల క్రితం, చనిపోయినవాళ్ల శరీరం నుంచి తీసిన మెదడు పొరను చిన్నతనంలో ఆపరేషన్ చేసి అతికించుకున్నవాళ్లలో, అలా తీసిన గ్రోత్ హార్మోన్‌ను చిన్నతనంలో వాడినవాళ్లలో కొందరికి, చాలా ఏళ్ల తర్వాత సీఏఏ వచ్చిన కేసులున్నాయి. ఆ పద్ధతులు ఎప్పుడో ఆపేశారు.

బీపీ నార్మల్‌గానే ఉంది, అయినా పట్టించుకోవాలా?

తప్పకుండా. ఈ జబ్బులో మన చేతిలో ఉన్న గట్టి ఆయుధం ఇదొక్కటే. ప్రోగ్రెస్ అనే పెద్ద పరీక్షలో పెరిండోప్రిల్ ఆధారిత చికిత్సతో బీపీ తగ్గించినప్పుడు, సీఏఏ వల్ల కావచ్చనుకున్న రక్తస్రావాలు 77 శాతం తగ్గాయి. ఆ కేసుల సంఖ్య చిన్నదే, అయినా ఇంత పెద్ద తేడాను తీసిపారేయలేం. సాధారణంగా 130/80 లోపు ఉంచాలని చూస్తారు. ఇంట్లో మిషన్ పెట్టుకుని కొలిచి రాసుకోండి.

గుండె కోసం బ్లడ్ థిన్నర్ వాడుతున్నారు. ఆపేయాలా?

అందరికీ ఒకే జవాబు ఉండదు, అందుకే ఇది అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. గుండె లయ తప్పడం వల్ల గడ్డ ఏర్పడి స్ట్రోక్ వచ్చే ప్రమాదం ఒకవైపు, సీఏఏ నాళం పగిలే ప్రమాదం ఇంకోవైపు. ఆస్పిరిన్ లాంటివాటి విషయంలో 2019లో వచ్చిన రీస్టార్ట్ పరీక్ష కొంత ఊరటనిచ్చింది, మెదడు రక్తస్రావం తర్వాత మళ్లీ మొదలుపెట్టినవాళ్లలో రక్తస్రావాలు పెరగలేదు. వార్ఫరిన్, ఎడోక్సాబాన్ లాంటి బలమైన మందుల సంగతి వేరు. ఎడోక్సాబాన్ మీద జరిగిన ఎన్‌రిచ్-ఏఎఫ్ పరీక్షలో, లోబ్‌లో రక్తస్రావం అయినవాళ్లకు మళ్లీ రక్తస్రావాలు ఎక్కువగా కనిపించడంతో అలాంటివాళ్లను చేర్చుకోవడమే ఆపేశారు. ఈ పరిస్థితిలో కొందరికి గుండెలో గడ్డలు ఏర్పడే ఎడమ కర్ణికలోని చిన్న సంచిని మూసేసే ప్రక్రియ పనికొస్తుంది. న్యూరాలజిస్టు, కార్డియాలజిస్టు ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకుని తేల్చాల్సిన విషయం ఇది. మాట్లాడుకోమని మీరే గట్టిగా అడగండి.

నయం చేసే మందు ఎప్పుడొస్తుంది?

చేరిన ప్రొటీన్‌ను నాళం గోడ నుంచి భద్రంగా తీసేసే మందు ఇప్పటికి లేదు. ఏపీపీ తయారీనే తగ్గించే మివెల్సిరాన్ లాంటి ఆర్‌ఎన్‌ఏ మందులను మనుషుల్లో పరీక్షిస్తున్నారు. నాకు ఈ దారి మీద ఆశ ఉంది, ఎందుకంటే ఇది గోడను కదిలించదు, చేరే సరుకునే తగ్గిస్తుంది.

ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

"సీఏఏ ఉంది" అని ఒక కాగితం మీద రాసి, వాడుతున్న మందుల చీటీతో కలిపి పర్సులో పెట్టండి. స్ట్రోక్ అనుమానంతో ఎమర్జెన్సీకి వెళ్తే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చే ముందు అక్కడివాళ్లకు ఈ సంగతి తెలియాలి. పళ్లు పీకించుకునేటప్పుడు, కీళ్లనొప్పుల మాత్రలు కొనేటప్పుడు కూడా ఇదే మాట చెప్పాలి, మామూలుగా దొరికే నొప్పి మాత్రల్లో కొన్ని రక్తస్రావాన్ని పెంచుతాయి. బాత్రూంలో పట్టుకోవడానికి కమ్మీ, రాత్రి దారిలో చిన్న లైటు పెట్టండి. పాత ఎంఆర్‌ఐ సీడీలు పారేయకండి, కొత్త చుక్కలు వచ్చాయా లేదా అన్నది పాతవాటితో పోల్చితేనే తెలుస్తుంది.